గసగసాలు వంటింట్లో ఉండొచ్చు, పెరట్లో ఎందుకు ఉండకూడదు?

మా పెద్దమ్మ సూట్‌కేసు సర్దడం మొదలుపెట్టిందంటే ఇంట్లో కిరాణా కొట్టు తెరిచినట్టే. కిందటేడు తమ్ముడు దుబాయ్ పోయేటప్పుడూ అంతే. సకినాలు, పల్లికారం, మామిడికాయ తొక్కు, వాటి మధ్యలో రబ్బరు బ్యాండు వేసిన పావుకిలో గసగసాల పొట్లం. మా వైపు గసాలంటారు. తమ్ముడు సూట్‌కేసు తెరిచి ముందుగా తీసి పక్కన పెట్టింది ఆ పొట్లాన్నే.

"అవెందుకు తీస్తున్నవ్‌రా? అక్కడ కిలో ఎంతుంటదో ఏమో."

"అక్కడ అసలు అమ్మరమ్మా. బ్యాగుల దొరికితే జైలే."

"గసాలకా?"

మటన్ కూర చిక్కబడటానికి కొబ్బరితో కలిపి నూరే గింజలకు జైలేమిటని ఆమె ఆశ్చర్యం. తమ్ముడికి కూడా కారణం తెలియదు. రూములో ఉండేవాళ్లు చెప్పారు కాబట్టి భయపడుతున్నాడు, అంతే. "నువ్వు చదువుకున్నోనివి గదా, చెప్పు" అని పెద్దమ్మ నా వైపు తిరిగింది. నాకు తెలిసిందీ సగమే. ఆ మిగతా సగం కోసం వెతుక్కున్నదే ఇదంతా.

మనల్ని ముందుగా పక్కదారి పట్టించింది మన పేర్లే. గింజను గసగసాలు అన్నాం. పచ్చికాయ నుంచి కారే పాలు గడ్డకడితే దాన్ని నల్లమందు (ఓపియం) అన్నాం, పాత తెలుగులో అభిని. ఎండిన కాయ పోస్తకాయ. చింతపండు, చింతచిగురు, చింతగింజ అన్నట్టు పేరులోనే చెట్టు కనిపిస్తే ఈ తికమక ఉండేది కాదు. మూడూ ఒకే మొక్కవి. శాస్త్రీయ నామం పాపావర్ సోమ్నిఫెరమ్. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన ఆ పేరులో 'సోమ్నిఫెరమ్' అంటే నిద్ర తెచ్చేది అని. హిందీలో గసగసాలను ఖస్‌ఖస్ అంటారు, ఖస్ అంటే మాత్రం వట్టివేరు. కేరళ, శ్రీలంక వైపు ఫలూదాలో వేసే సబ్జా గింజల్ని కూడా కస్కస్ అంటారు. వేసవిలో తాగే ఖస్ షర్బత్‌కీ నల్లమందుకీ ఏ సంబంధమూ లేదు.

ఇంతకీ ఒకే మొక్కలో ఒక భాగం మసాలా, ఇంకో భాగం మత్తు ఎలా అయ్యాయి?

గసగసాల కాయ చూడ్డానికి చిన్న దానిమ్మ పిందెలా ఉంటుంది, నెత్తిన కిరీటంతో సహా. పూరేకులు రాలిన రెండు వారాలకు కాయ పచ్చగా, బిగువుగా ఉంటుంది. ఆ కాయ గోడలో సన్నటి పాలనాళాలు వల అల్లినట్టు ఉంటాయి. జిల్లేడు ఆకు తుంచితే పాలు కారినట్టే ఆ గోడకు చిన్న గాటు పెడితే తెల్లటి పాలు ఉబుకుతాయి. మార్ఫిన్, కోడైన్, థెబైన్, నోస్కపైన్, పాపావరిన్ లాంటి మందు రసాయనాలన్నీ ఆ పాలలోనే. ఈ నాళాలు కాయ లోపలి గింజల్లోకి వెళ్లవు. ముదిరిన గింజలో ఉండేది నూనె, దాదాపు సగం బరువు అదే. మిగతాది మాంసకృత్తులు, పీచు, బోలెడంత కాల్షియం. సెల్‌ఫోన్ కెమెరాను బాగా దగ్గరికి పెట్టి గసగసాలను ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఒక్కో గింజ బుల్లి మూత్రపిండంలా వంగి, ఒళ్లంతా వల గళ్లతో కనిపిస్తుంది. ఈ గళ్ల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ పంటను మన దేశంలో చట్టబద్ధంగా పండించే చోట్లు మూడు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్, నీమచ్, రత్లాం వైపు, రాజస్థాన్‌లో చిత్తోడ్‌గఢ్, ప్రతాప్‌గఢ్, ఝాలావాడ్ వైపు, ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ లాంటి కొన్ని జిల్లాల్లో. లైసెన్సు ఇచ్చేది గ్వాలియర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న కేంద్ర నార్కోటిక్స్ బ్యూరో. ఒక రైతుకు ఇచ్చే విస్తీర్ణం ఎంతనుకున్నారు? సాధారణంగా 10 ఆర్లు, అంటే పావెకరం, మన లెక్కలో పది గుంటలు. ఆ పది గుంటలనూ అధికారులు టేపు పెట్టి కొలుస్తారు.

విత్తేది అక్టోబరు, నవంబరుల్లో. జనవరి, ఫిబ్రవరికి చేలన్నీ తెల్లటి పూలతో నిండిపోతాయి. ఆపైన గాట్లు మొదలవుతాయి. సూదుల్లాంటి మూడు నాలుగు మొనలు పక్కపక్కన కట్టిన చిన్న పనిముట్టుతో మధ్యాహ్నం దాటాక ఒక్కో కాయకు నిలువుగా గీరుతారు. లోతు మిల్లీమీటరో, మరి కాస్తో. ఎక్కువ లోతుగా దిగితే పాలు లోపలికి కారిపోయి గింజలు చెడతాయి, తక్కువైతే పాలే రావు. రాత్రంతా ఊరిన పాలు తెల్లారేసరికి గోధుమరంగు బంకలా ముదురుతాయి. ఎండెక్కకముందే దాన్ని ఇనుప రేకుతో గీకి తీస్తారు. రెండు మూడు రోజులు ఆగి మళ్లీ గాటు. ఇలా మూడు నాలుగు విడతలు. ఏ రోజు ఎంత తీశారో ఊళ్లో లంబర్దారు (అధికారులు నియమించిన లెక్కదారు) తూచి పుస్తకంలో రాస్తాడు. ఏప్రిల్‌లో మొత్తం ప్రభుత్వ తూకం కేంద్రానికి చేరాలి. అనుకున్న దిగుబడి రాకపోతే మరుసటి ఏడు ఆ లైసెన్సు దక్కకపోవచ్చు. అందుకే వడగళ్లు పడితే ఇక్కడి రైతుకు పంట నష్టం ఒక టెన్షన్, లైసెన్సు పోతుందేమోనన్నది ఇంకో టెన్షన్. దీనికి తోడు చిలకలు. నీమచ్ చుట్టుపక్కల నల్లమందుకు అలవాటు పడ్డ చిలకలు కాయల్ని కొరుక్కుని ఎగిరిపోతుంటే రైతులు డప్పులు కొట్టి, వలలు కట్టి కాపలా కాస్తుంటారు. ఇది పేపర్లలో తరచూ వచ్చే వార్తే.

నాకు నమ్మశక్యం కానిది డబ్బు సంగతి. ప్రభుత్వం రైతుకు కిలో నల్లమందుకు ఇచ్చే ధర దిగుబడిని బట్టి వెయ్యి లోపు నుంచి మూడున్నర వేల దాకా ఉంటూ వచ్చింది. మన కిరాణా కొట్టులో కిలో, రెండు కిలోల గసగసాలకు అంత అవుతుంది! దొంగ బజారులో దాని ధర ఎన్నో రెట్లన్నది అందరికీ తెలుసు, అందుకే ఇన్ని తూకాలు, ఇన్ని కాపలాలు. గాట్లు పెట్టిన కాయను అలాగే ఎండనిచ్చి, పగలగొట్టి, గింజలు దులుపుకుంటారు. ఆ గింజలు మాత్రం పూర్తిగా రైతువి. మండీలో ఎవరికైనా అమ్ముకోవచ్చు. నల్లమందు ప్రభుత్వానికి, గసగసాలు మన వంటింటికి. రైతు ఇల్లు గడిచేది చాలావరకు గసగసాలతోనే.

మరి మిగిలిన ఖాళీ కాయ? అసలు గొడవంతా దాంతోనే. పాలు తీసేసినా కాయ డొప్పలో మత్తు పదార్థం కొంత మిగిలే ఉంటుంది. రాజస్థాన్‌లో దీన్ని డోడా అంటారు, పంజాబ్‌లో భుక్కీ. దాన్ని పొడి చేసి నీళ్లలో కలిపి తాగే అలవాటు అక్కడ తరాల నాటిది. ఈ డొప్పలోంచి నేరుగా మార్ఫిన్ తీయొచ్చని నిరూపించి పేటెంటు తీసుకున్నది హంగేరీ రసాయన శాస్త్రవేత్త యానోష్ కబాయ్, 1930 ప్రాంతాల్లో. గాటు పెట్టనక్కర్లేదు, నల్లమందు అనే వస్తువే పుట్టదు, దొంగిలించడానికీ ఏమీ ఉండదు. అమెరికా ఒత్తిడితో 1971లో ఈ పంటనే నిషేధించిన టర్కీ, 1974లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఈ దారే పట్టింది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలోనూ అదే పద్ధతి. మనమే ఇంకా గాట్లు పెడుతున్నాం. నల్లమందును బంక రూపంలో చట్టబద్ధంగా తీసి ఎగుమతి చేసే దేశం ప్రపంచంలో దాదాపు మనదొక్కటే. ఈ నాలుగైదేళ్లుగా ఇక్కడా కొందరు రైతులకు గాట్లు లేకుండా కాయను ఎండబెట్టి ఇచ్చే లైసెన్సులు ఇస్తున్నారు. 1820లో ఈస్టిండియా కంపెనీ చైనాకు నల్లమందు పెట్టెలు పంపడానికి గాజీపూర్‌లో పెట్టిన ఫ్యాక్టరీ నేటికీ ప్రభుత్వం చేతిలో నడుస్తోంది. ఇప్పుడు అక్కడ తయారయ్యేది మందుల కంపెనీలకు కావలసిన సరుకు. కేన్సర్ నొప్పికి ఇచ్చే మార్ఫిన్, దగ్గు మందులో కోడైన్ ఈ మొక్క పుణ్యమే. మార్ఫిన్ ఎక్కువై ఊపిరి ఆగిపోతున్నవాణ్ని బతికించే నలోక్సోన్ ఇంజెక్షన్ ఉంది కదా, దాన్ని కూడా ఇదే మొక్కలోని థెబైన్ నుంచే తయారుచేస్తారు.

పాలు కాయ గోడలో ఉన్నాయి, గింజలో లేవు అన్నాం. మరి గసగసాలు తింటే నిద్ర వస్తుందంటారే? రాయలసీమలో, కర్ణాటకలో గసగసాల పాయసం తాగి పెళ్లి పందిట్లోనే వాలిపోయే మామయ్యలను నేనూ చూశాను. నా అనుమానం ఆ విస్తట్లోని బొబ్బట్ల మీద, నేతి మీద.

అయితే గింజలో ఏమీ లేదని చెప్పి ఊరుకుంటే అది అబద్ధమవుతుంది. ఇందాక చెప్పిన వల గళ్లు ఇక్కడ పనికొస్తాయి. కాయ పగలగొట్టినప్పుడు డొప్ప పొడి, ఎండిన పాల మరకలు గింజ పైన అంటుకుంటాయి. ఆ గళ్లలో ఇరుక్కుంటాయి. కాబట్టి గసగసాల్లో కనిపించే మార్ఫిన్ గింజ లోపల పుట్టింది కాదు, బయట అంటుకున్న మురికి లాంటిది. పంట ఏ రకం, ఎలా కోశారు, ఎంత శుభ్రం చేశారు అన్నదాన్ని బట్టి ఒక బస్తాకీ ఇంకో బస్తాకీ ఎన్నో రెట్లు తేడా ఉంటుంది. కడిగితే, వేయిస్తే, నూరి ఉడికిస్తే చాలావరకు పోతుంది. యూరోపియన్ యూనియన్ 2022 జూలై నుంచి దీనికో హద్దు పెట్టింది. కిలో గసగసాల్లో మార్ఫిన్, కోడైన్ కలిపి 20 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఆ హద్దు మీద సరిగ్గా ఉన్న గసగసాలే మన ఇంట్లో ఉన్నాయనుకుందాం. కూరలో మన వాటాకు 10 గ్రాములు వచ్చాయనుకుంటే, అది చాలా ఎక్కువే, అందులో ఉండేది 0.2 మిల్లీగ్రాములు. డాక్టరు నొప్పికి రాసే మార్ఫిన్ మాత్ర 10 మిల్లీగ్రాములది. యాభయ్యో వంతు. వంటలో పోయేది పోగా మత్తు మాట దేవుడెరుగు, ఆవలింత కూడా రాదు. కానీ అదే 0.2 మిల్లీగ్రామును మూత్ర పరీక్ష చేసే యంత్రం కళ్లతో చూడండి. అది లెక్కపెట్టేది నానోగ్రాముల్లో. దానికి ఇది 2 లక్షలు! అమెరికాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల డ్రగ్ టెస్టుల్లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు దాటితే దోషి అనేవారు. గసగసాలు చల్లిన బన్ను తిన్నవాళ్లు కూడా దొరికిపోతుండటంతో 1998లో ఆ హద్దును 2,000కు పెంచారు. అయినా బెడద తీరలేదు. 2023 ఫిబ్రవరిలో అమెరికా రక్షణ శాఖ తన సైనికులకు అసలు గసగసాలే తినొద్దని సలహా ఇచ్చింది. కాబట్టి అమెరికాలో ఉద్యోగానికి డ్రగ్ టెస్టు ఉన్న మన పిల్లలు ముందు రెండు మూడు రోజులు కుర్మా జోలికి పోకపోవడమే మంచిది. మత్తు ఎక్కుతుందని కాదు, తర్వాత ఆఫీసులో సంజాయిషీ చెప్పుకోలేక.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగానే చెప్పాలి. గింజకు అంటిన మరకనే కడిగి తాగాలని చూసేవాళ్లూ ఉన్నారు. విదేశాల్లో శుభ్రం చేయని గసగసాలు కిలోల కొద్దీ కొని, నానబెట్టిన నీళ్లు 'టీ' అని తాగి చనిపోయినవాళ్లున్నారు. ఏ బస్తాలో ఎంత ఉందో నాలుకకు తెలియదు. చెంచాడు గసగసాలు వేసిన కూరకూ దీనికీ పోలిక లేదు.

ఇక పూలమొక్కల సంగతి. గసగసాల మొక్కను ఇంగ్లీషులో పాపీ అంటారు. చలికాలంలో నర్సరీల్లో ఎర్రగా, పలచటి కాగితంలా ఊగే పాపీ పూలు చూసి చాలామంది బెదిరిపోతారు. పాపీ అన్న పేరుతో డజన్ల కొద్దీ జాతులున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం జ్ఞాపకంగా నవంబరు 11న బ్రిటన్‌లో చొక్కాకు పెట్టుకునే ఎర్ర పాపీ గోధుమ చేలలో కలుపుగా మొలిచేది. అందులో మార్ఫిన్ ఉండదు. నారింజ రంగు కాలిఫోర్నియా పాపీ వేరే ప్రజాతి. పసుపు, తెలుపు, నారింజల్లో వచ్చే ఐస్‌లాండ్ పాపీ కూడా నల్లమందు ఇచ్చే మొక్క కాదు. చిక్కల్లా ఏమిటంటే, ముద్దబంతిలా రేకులు కిక్కిరిసి పూసే కొన్ని అందమైన తోట రకాలు నిజంగా సోమ్నిఫెరమే. ఆన్‌లైన్‌లో రంగుల బొమ్మతో అమ్మే విత్తనాల ప్యాకెట్టులో ఏది ఉందో పేరు చూడకుండా తెలియదు. మొక్క పెరిగాక తేడా పట్టొచ్చు. ఎర్ర పాపీ కాడంతా నూగు ఉంటుంది, ఆకు చీలికలు చీలికలుగా ఉంటుంది. నల్లమందు మొక్క నున్నగా, క్యాబేజీ ఆకు మీద ఉండే బూడిద పూతతో ఉంటుంది. దాని ఆకు మొదలు కాడను చేతులతో వాటేసుకున్నట్టు పట్టుకుంటుంది.

అన్నట్టు ఈ కుటుంబానికి మన పొలం గట్ల మీద ఒక చుట్టం ఉంది. ఒళ్లంతా ముళ్లు, పసుపు పువ్వు, తుంచితే పసుపు పాలు. బలురక్కసి అంటారు, కొన్నిచోట్ల బ్రహ్మదండి. ఇది మత్తివ్వదు, విషమిస్తుంది. నల్లటి గింజలు అచ్చం ఆవాల్లా ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ గింజల నూనె కలిసి, కాళ్లు వాచే జబ్బుతో 60 మందికి పైగా చనిపోయారు. పోలీసులు దీని వైపు చూడరు, మేకలు కూడా చూడవు.

ఇప్పుడు చట్టం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల చట్టం) 'పాపీ స్ట్రా' అనే మాటకు అర్థం చెబుతూ, కోత తర్వాత నల్లమందు మొక్క అన్ని భాగాలూ అని రాసి, బ్రాకెట్లో గింజలు తప్ప అని చేర్చింది. మన బిర్యానీ మొత్తం ఆ బ్రాకెట్టు మీద నిలబడి ఉంది. గింజ కొనొచ్చు, అమ్మొచ్చు, తినొచ్చు. డొప్ప దగ్గర ఉంటే నేరం. పాలు ఉంటే నేరం. లైసెన్సు లేకుండా మొక్క పెంచడం కూడా నేరమే, పదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఎన్ని మొక్కలు అన్న మినహాయింపు లేదు, పూల కోసం పెంచాను అన్న మినహాయింపూ లేదు.

వంటింటి డబ్బాలోని గసగసాలు కుండీలో చల్లితే మొలవొచ్చు. ఇంట్లో మొక్కల పిచ్చి ఉన్నవాళ్లు మెంతులు, ధనియాలు చల్లినట్టే ఇవీ చల్లి చూద్దామనుకుంటారు. డబ్బాలో ఉన్నంతసేపు దినుసు, మట్టిలో పడి మొలిస్తే నల్లమందు మొక్క. 2021 మార్చిలో చిత్తూరు జిల్లా మదనపల్లె వైపు వేరే పంటల మధ్య ఈ మొక్కల్ని పెంచుతున్నారని పోలీసులు దాడులు చేసి పీకించారు. అక్కడ జరిగింది సరదా కాదు, కాయల వ్యాపారం. కానీ చట్టం ముందు రెండింటికీ పేరు ఒకటే, సాగు.

దేశంలో పండేది మన వాడకానికి చాలదు. టర్కీ, చైనా, చెక్ రిపబ్లిక్ లాంటి చోట్ల నుంచి దిగుమతి చేసుకుంటాం. మామూలు దినుసులా ఓడ ఎక్కించి పంపితే కుదరదు. ఇవి చట్టబద్ధంగా పండిన పంటవేనని ఆ దేశం సర్టిఫికెట్ ఇవ్వాలి, ఇక్కడ నార్కోటిక్స్ బ్యూరో దగ్గర రిజిస్టర్ కావాలి. దొంగచాటు నల్లమందు తోటల గింజలు మన మార్కెట్లోకి రాకుండా ఈ ఏర్పాటు. అనుమతులు ఆలస్యమైతే బేగంబజార్‌లో ధర పెరుగుతుంది, మా పెద్దమ్మ కూర పలచబడుతుంది.

దుబాయ్‌లో ఆ బ్రాకెట్టు లేదు. అరబ్ ఎమిరేట్స్, సౌదీ గింజనూ నిషేధించాయి. కాయకు అంటిన మరక గింజ మీద ఉండొచ్చు కాబట్టి గింజ కూడా అనుమానమే అన్నది వాళ్ల పద్ధతి. సింగపూర్‌లోనూ డ్రగ్స్ అధికారుల అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. మన దగ్గర కిరాణా బిల్లు ఉందని చూపిస్తే అక్కడ చెల్లదు. రసాయన పరీక్షలో మార్ఫిన్ ఆనవాలు దొరికితే అది ఎంత తక్కువో తేలేలోపు మనిషి లోపలే ఉండాల్సి రావొచ్చు. కరీంనగర్, జగిత్యాల, కడప, కోనసీమ నుంచి గల్ఫ్ పోయేవాళ్లకు ఏజెంటు వీసా గురించి గంటసేపు చెబుతాడు, ఈ ముక్క మాత్రం చెప్పడు.

ఇదంతా పెద్దమ్మకు ఫోన్లో విడతలు విడతలుగా చెప్పాను. మొత్తం విని, "మరి గరం మసాలా?" అంది. తమ్ముడు గసాల పొట్లం తీసి పక్కన పెట్టాడే గానీ, ఆమె ఇంట్లో దంచి పంపిన మసాలాలో నాలుగు చెంచాల గసాలు ఉన్నాయని వాడికి గుర్తే లేదు. అది ఏ ఆటంకం లేకుండా దుబాయ్ చేరి, నెల రోజుల్లో అయిపోయింది కూడా. ఈసారి నుంచి పెద్దమ్మ మసాలాలో జీడిపప్పు, పుచ్చగింజల పప్పు వేస్తోంది. కూర చిక్కబడుతోందట గానీ, ఆ రుచి లేదంటున్నాడు తమ్ముడు.